మలాకికి పడ్డ ఓట్లు

మలాకి ఎన్నికల్లో నిలబడుతున్నాడని తెలిసిన రోజు మా నుకువాయి దీవిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఎంత బాగుండేదో. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి పగలబడి నవ్వి, వీపు మీద ఒక్కటి చరిచి, "నీకెందుకురా ఈ గొడవ, పోయి కల్లు గీసుకో" అని ఉంటే ఆ మనిషి అక్కడితో మానుకునేవాడు. మా వాళ్ళకి అది చేతకాదు. ఎదుటివాడి మనసు నొప్పించడం కన్నా అబద్ధం ఆడటం తేలిక అని మా దీవిలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అందుకని అందరూ "మంచిదిరా మలాకీ, నిలబడు నిలబడు" అన్నారు. ఇంటికి పోయి చాపల మీద కూలబడ్డాక మాత్రం, "పాపం, వాళ్ళమ్మ ఓటు తప్ప ఇంకోటి పడితే ఒట్టు" అనుకున్నారు.

మాదెంత దీవి కనక. నిప్పుల్లో సీమపనసకాయ పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి, దారిలో అందరినీ పలకరించి వచ్చినా కాయ ఇంకా కాలుతూనే ఉంటుంది. అయినా రాజధాని ఫునాఫుటిలోని పార్లమెంటుకి మేమూ ఇద్దరు మనుషుల్ని పంపుతాం. పార్టీలు లేవు, జెండాలు లేవు, మైకులు లేవు. మనిషికి రెండు ఓట్లు. కాగితం మీదున్న పేర్లలో ఇద్దరికి గుర్తు పెట్టి పెట్టెలో వెయ్యాలి. అంతే.

ఈసారి ఆ రెండు కుర్చీలూ ఎవరివో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒకటి, బడిపంతులు పని చేసి దిగిపోయిన ఎసెకియాది. రెండోది నీమియాది. నీమియా పోయినసారీ గెలిచినవాడే. ఈసారి మంత్రి కూడా అవుతాడని రాజధాని నుంచి వచ్చిన వాళ్ళంతా చెబుతున్నారు. మంత్రి అయితే మొట్టమొదట మా గండి వెడల్పు చేయిస్తానని మాటిచ్చాడు.

ఆ గండే మా ప్రాణాల మీదికి తెచ్చేది. దీవి చుట్టూ పగడపు గట్టు ఉంది. ఓడ లోపలికి రాలేదు, దూరంగా నీళ్ళలో ఆగుతుంది. మనుషులైనా బియ్యం బస్తాలైనా ఓడ దగ్గర నుంచి పడవలో రావాల్సిందే. పడవ రావడానికి ఆ గట్టులో ఒకే ఒక్క గండి, అది కూడా సన్నటి సందు. కెరటం వెనక కెరటం లేచి ఆ సందులో విరుగుతుంది. చుక్కాని పట్టినవాడు గండి బయట ఆగి, రెండు పెద్ద కెరటాల మధ్య నీళ్ళు నెమ్మదించేదాకా కాచుకుని, అప్పుడు ఒక్క ఊపున లోపలికి రావాలి. ఒకప్పుడు ఆ పనిలో మలాకిని మించినవాడు లేడు. జర్మనీ వాళ్ళ ఓడల్లో పనిచేసి వచ్చినవాడు, కెరటాన్ని కంటితో కాదు, కాలి కింద చెక్కతో కనిపెడతాడని చెప్పుకునేవారు.

ఇదంతా కొన్నేళ్ళ కిందటి ఆ క్రిస్మస్‌కి ముందు మాట. వేరే దీవిలో హాస్టలు బడికి పోయిన పిల్లలు పండక్కి ఇంటికొస్తున్నారు. మలాకి చుక్కాని పట్టుకున్నాడు. ఆగాల్సినంతసేపు ఆగలేదు. పడవ గండిలో అడ్డం తిరిగి బోర్లా పడింది. పిల్లల్ని ఒక్కొక్కరినే పట్టుకుని ఒడ్డుకి తెచ్చారు. మలాకికి వదిన వరసయ్యే పెలెనికె కూతురు సిలియా మాత్రం దొరికేసరికి ఊపిరి లేదు.

మా దీవిలో ఇలాంటివి చావడిలో తేలతాయి. తప్పు చేసినవాడు నోరు మెదపకూడదు, వాడి తరఫున పెద్ద మేనమామ తల వంచుకుని కూర్చోవాలి. నష్టపోయినవాళ్ళూ మాట్లాడకూడదు, వాళ్ళ తరఫున వాళ్ళ ఇంటి పెద్ద మాట్లాడాలి. మలాకి మేనమామ చాపలూ పందినీ తెచ్చి చావడి మధ్యలో పెట్టి ఏడ్చాడు. పెలెనికె పెదనాన్న లేచి, "అయిపోయింది. మాకు మనసులో ఏమీ లేదు" అన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. చావడిలో ముగిసిన మాట మళ్ళీ ఎత్తకూడదు, కాబట్టి ఎవరూ ఎత్తలేదు. మలాకిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అందరూ ఇదివరకటి కంటే ఎక్కువ మర్యాదగా చూశారు. చుక్కాని మాత్రం ఇవ్వలేదు. ఓడ వచ్చినప్పుడల్లా కుర్రవాడు సెటెమా పోయి చుక్కాని దగ్గర కూర్చునేవాడు. మలాకి పడవ దగ్గరికి వస్తే, "నీకెందుకు శ్రమ బాబాయ్, కూర్చో, మేం చూసుకుంటాంలే" అనేవాళ్ళు.

ఆ మాట ఎన్నిసార్లు వింటాడు ఎవడైనా. కొన్నాళ్ళకి పడవ దగ్గరికి వెళ్ళడమే మానేసి, పొద్దునా సాయంత్రం కొబ్బరిచెట్లెక్కి కల్లు గీసుకుంటూ బతికాడు.

ఎన్నికల్లో ఎందుకు నిలబడ్డాడో వాళ్ళమ్మ సెలెపాకి ఒక్కదానికే చెప్పాడు. ముసలామె భయపడిపోయి అడిగింది. "ఏంట్రా నీకీ పిచ్చి? పది మందిలో పరువు పోగొట్టుకోడానికా?"

"అడుగుదామని అమ్మా."

"ఏం అడుగుతావు?"

"చావడిలో అడగడానికి లేదు కదా. ఇంటింటికీ పోయి అడగడానికీ లేదు. అడిగినా నిజం చెప్పరు. ఆ పెట్టెలో కాగితం వేసేటప్పుడు పక్కన ఎవరూ ఉండరు. అక్కడ చెబుతారు."

కొడుకు దీవినంతటినీ అడుగుతున్నానని అంటున్నాడే గానీ, వాడు అడుగుతున్నది పెలెనికెని అని సెలెపాకి తెలుసు.

ఓట్లు లెక్కపెట్టిన రోజు మధ్యాహ్నం దీవి మొత్తం చావడిలోనే ఉంది. పెద్దలు ఎవరి స్తంభానికి వాళ్ళు ఆనుకుని కూర్చున్నారు. రాజధాని నుంచి ఓడలో వచ్చిన ఎన్నికల అధికారి, కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదస్తుడు, పెట్టె తెరిచి ఒక్కో కాగితం పైకెత్తి చూపించి పేర్లు చదువుతున్నాడు. మొదటి కాగితం విప్పాడు.

"నీమియా. మలాకి."

చావడిలో చిన్న కదలిక. ఎవరో దయగలవాళ్ళు వేశారు పోనీలే, అని ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని మెల్లగా నవ్వుకున్నారు. ఆ కాగితం తనదేనేమో అని సగం మంది లోలోపల మురిసిపోయారు కూడా.

"ఎసెకియా. మలాకి."

ఇంకెవరో కూడా వేశారన్నమాట. మంచిదే. విసనకర్రలు ఆడుతున్నాయి.

"నీమియా. మలాకి." "ఎసెకియా. మలాకి." "ఎసెకియా. మలాకి."

కాసేపటికి విసనకర్రలు ఆగిపోయాయి. నవ్వులూ ఆగిపోయాయి. అధికారికి ఈ దీవి సంగతులు తెలియవు, అతను ఒకే గొంతుతో చదువుకుంటూ పోతున్నాడు. మలాకి పేరు వచ్చినప్పుడల్లా సెలెపా కొడుకు మోకాలిని ఒకసారి నొక్కింది. మొదట్లో సిగ్గుగా నొక్కింది, తర్వాత గట్టిగా నొక్కింది. ఆ తర్వాత చెయ్యి తియ్యడమే మరిచిపోయింది. మలాకి తల ఎత్తి ఆడవాళ్ళ వైపు చూశాడు. చావడి అంచున, బయటికి దిగే రాయి దగ్గర పెలెనికె కూర్చుని ఉంది. మొగుడు ఇప్పటికీ పరదేశం ఓడల మీదే ఉంటాడు. ఎక్కడికైనా ఒక్కతే వస్తుంది, ఒక్కతే పోతుంది. ఆమె ఎవరినీ చూడటం లేదు. తన చేతుల్ని చూసుకుంటోంది.

చివరికి అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని ఫలితం చదివాడు. అందరికన్నా ఎక్కువ ఓట్లు మలాకికి. రెండో స్థానం ఎసెకియాది. నీమియాకి నాలుగే నాలుగు ఓట్లు తక్కువై కుర్చీ పోయింది.

గట్టు మీద కెరటాలు విరుగుతున్న చప్పుడు చావడిలోకి వినిపించింది. అప్పుడు దీవి పెద్ద లిటో తాత, ఆ నిశ్శబ్దం గెలిచినవాడికి గుచ్చుకుంటుందని తోచి కాబోలు, చప్పట్లు మొదలుపెట్టాడు. అంతే, అందరికీ అదే తోచింది. చావడి కప్పు ఎగిరిపోయేలా కొట్టారు. నీమియా స్వయంగా లేచి వచ్చి తన మెడలోని పూలదండ తీసి మలాకి మెడలో వేశాడు. ముఖం నవ్వుతోందే గానీ చేతులు చల్లగా ఉన్నాయి.

ఆ సాయంత్రం రేడియోలో అన్ని దీవుల ఫలితాలూ చదివారు. నుకువాయి పేరు వచ్చినప్పుడు సెలెపా రేడియోకి చెవి ఆనించి వింది. "ఇంకోసారి చదవమని చెప్పరా" అంది. మలాకి నవ్వబోయి ఏడ్చేశాడు. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, ఇన్నేళ్ళూ పళ్ళబిగువున ఆపుకున్నదంతా ఏడ్చాడు. అది సంతోషమే. ఇంతమంది, ఇంతమంది తనని క్షమించారు. నోటితో చెప్పలేక కాగితంతో చెప్పారు. ఇన్ని ఓట్లలో పెలెనికె వదినది ఒకటి లేకుండా ఎలా ఉంటుంది అనుకున్నాడు. ఆ రాత్రిలా హాయిగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తు లేదు.

తెల్లవారి మామూలుగానే కల్లు గియ్యడానికి చెట్టెక్కాడు. చెట్టెక్కిన గీతగాడు పాట పాడాలని మా దీవిలో ఒక పద్ధతి. కింద ఆడవాళ్ళు స్నానాలు చేస్తుంటారు, పిల్లలకి పాలిస్తుంటారు. పైన మనిషి ఉన్నాడని వాళ్ళకి తెలియాలి కదా. మలాకి గొంతు దీవిలో అందరూ గుర్తుపట్టే గొంతు. ఆ రోజు మాత్రం పాడలేదు. పెలెనికె ఇంటికి పోయి ఏమని మొదలుపెట్టాలా అని ఆలోచించుకుంటూ పాట సంగతి మరిచిపోయాడు. వదినా, నీ రుణం తీర్చుకోలేను అందామా. అబ్బే, మరీ నాటకంలా ఉంటుంది. ఊరికే పోయి కల్లు ముంత ఇచ్చి కూర్చుంటే సరి.

అంతలో కింద ఆడవాళ్ళు వచ్చి చేరారు. సాయంత్రం గెలిచినవాళ్ళకి విందూ ఆటపాటలూ ఉన్నాయి. వంటకి కొబ్బరి కోరడానికి బుట్టలతో వచ్చి, ఆ చెట్టు నీడనే చతికిలబడ్డారు. వాళ్ళలో పెద్దది ఫకావువా అత్త, నోరు మంచిది కాదు గానీ మనసు మంచిది. పక్కన నీమియా భార్య మెలే, కళ్ళు వాచిపోయి ఉంది.

"ఏడవకే" అంది ఫకావువా. "ఏడ్చి ఏం లాభం. ఇది ఎలా జరిగిందో నాకు అంతుపట్టట్లేదు. నీమియాకి వెయ్యనిదెవరో ఒక్కతి చెప్పండే."

"నేను ఎసెకియాకి వేశాను, మా ఇంటి మనిషి కదా" అందొకామె. "రెండోది మలాకికి. మెలే, ఏమీ అనుకోకు. మీ ఆయన ఎలాగూ గెలుస్తాడనుకున్నా. పాపం, ఈ మానవుడికి సున్నా వస్తే వాళ్ళమ్మ ముఖం చూడగలమా?"

"నేనూ అంతే" అంది ఇంకొకామె. "నేనొక్కదాన్నే అనుకున్నానే."

"నువ్వొక్కదానివా? మా ఇంట్లో నలుగురం వేశాం. ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం."

అందరూ ఒక్కసారి నవ్వారు, మళ్ళీ మెలే ముఖం చూసి ఆపుకున్నారు. మెలే ముక్కు తుడుచుకుంది.

"నవ్వండి నవ్వండి" అంది. "నేనూ వేశాను."

"నువ్వా?" అంది ఫకావువా. "కట్టుకున్నవాడి కుర్చీ కింద నువ్వే నిప్పు పెట్టావా?"

"ఒకటి ఆయనకి వేశాను కదత్తా. రెండోది ఎసెకియాకి ఎందుకు, ఆయనకి ఎలాగూ పడతాయి. మలాకిని చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఆయన కూడా వేశాడట. రాత్రి చెప్పాడు."

ఫకావువా కొబ్బరిచిప్ప కింద పెట్టేసింది. "బాగుంది సంబడం. చుక్కాని ఇవ్వడానికి చేతులు రాలేదు గానీ, దేశాన్ని తీసుకుపోయి వాడి చేతిలో పెట్టాం. మన జాలి తగలెయ్య. ఇక గండి వెడల్పు అయినట్టే."

చెట్టు మీద మలాకికి చేతిలో కత్తి ఉందన్న ధ్యాస పోయింది. వేలు తెగి రక్తం కల్లు ముంతలో పడుతుంటే చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు పాడటానికి లేదు, దిగడానికి లేదు. వాళ్ళు వెళ్ళిపోతే బాగుండు అనుకున్నాడు. పట్టు మార్చుకోబోయాడు. చెట్టు బెరడు ముక్క ఒకటి రాలి మెలే ఒళ్ళో పడింది. మెలే తల ఎత్తింది.

అందరూ పైకి చూశారు, వెంటనే కిందికి చూశారు. ఫకావువా అత్త గొంతు మార్చి, పసిపిల్లవాడితో మాట్లాడినట్టు అంది. "దిగరా నాయనా. ఎండెక్కుతోంది. మెల్లగా దిగు. కొబ్బరి తిందువు గాని రా."

ఆ గొంతులోనూ అదే జాలి. తల కొట్టేసినట్టయింది మలాకికి. దిగి, ఎవరి వైపూ చూడకుండా నడిచిపోయాడు.

సరాసరి లిటో తాత ఇంటికి పోయాడు. తాత అరుగు మీద గడ్డం గీయించుకుంటున్నాడు. పక్కన నీమియా కూడా ఉన్నాడు, విందుకి ఎన్ని పందులో మాట్లాడుకుంటున్నారు. మలాకి నేల మీద కూర్చుని సూటిగా చెప్పేశాడు.

"తాతా, నాకు వద్దు. నేను తప్పుకుంటాను. నీమియా అన్నని పంపండి."

తాత సబ్బు నురగ ముఖంతోనే అతని వైపు తిరిగాడు. "ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనరు. అదే కదా తాతా మన దీవి జబ్బు."

"నువ్వు తప్పుకుంటే మళ్ళీ ఎన్నికలు. మళ్ళీ పెట్టె, మళ్ళీ అధికారి. నుకువాయి వాళ్ళు ఒకణ్ణి గెలిపించి మర్నాడే పొమ్మన్నారట అని తొమ్మిది దీవులూ నవ్వుతాయి. ఇచ్చింది వెనక్కి తీసుకోం. నువ్వే పోతావు."

"జాలిపడి ఇచ్చారు."

"ఇచ్చారు" అన్నాడు తాత. కాదని అనలేదు.

నీమియా మలాకి భుజం మీద చెయ్యి వేశాడు. "నేనూ నీకొకటి వేశానురా. నా మంత్రి పదవిని నేనే పాతిపెట్టుకున్నాను. నువ్వు ఎవరెవరికి వేశావు?"

"నాకొకటి. నీకొకటి."

నీమియా నవ్వబోయి నవ్వలేకపోయాడు. "అక్కడికి పోయాక గండి సంగతి అడగడం మరిచిపోకు" అని, లేచి పందుల దొడ్డి వైపు వెళ్ళిపోయాడు. ఆ నడకలోనే ముసలితనం కనిపించింది.

మలాకికి ఇక మిగిలింది ఒకటే. దీవి సంగతి తేలిపోయింది. పెలెనికె సంగతి తేలలేదు. ఆమె మాత్రం జాలిపడే మనిషి కాదు. ఆమె వేసి ఉంటే అది జాలి కాదు. ఆ ఒక్కటి నిజమైతే మిగిలినవన్నీ అబద్ధాలైనా ఫరవాలేదనుకున్నాడు. ఆ ఇంటి గుమ్మం ముందు అతను నిలబడి ఏళ్ళయింది.

పొద్దు వాలేవేళ అతను వెళ్ళేసరికి, పెలెనికె ఇంటి వెనక ఎండలో మొగలి ఆకులు ఇంకా పరిచే ఉన్నాయి. ఆమె నీడలో కూర్చుని చాప అల్లుతోంది. అతన్ని చూసి చెయ్యి ఆపలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. మలాకి కాస్త దూరంలో కూర్చున్నాడు.

"వదినా, ఒక్క మాట అడగనా."

"అడుగు. ఇప్పుడు నువ్వు పెద్దమనిషివి కదా."

"నాకు వేశావా?"

చాప మీద వేళ్ళు ఆగాయి. పెలెనికె అతని ముఖంలోకి చూసింది. అలా చూసి ఎన్నేళ్ళయిందో.

"వెయ్యలేదు" అంది.

మలాకి తల ఊపాడు. అర్థమైందన్నట్టు ఇంకోసారి ఊపాడు. లేవబోయాడు.

"కూర్చో" అంది పెలెనికె. "అడిగావు కదా, విను. వీళ్ళంతా నీకు వెయ్యబోతున్నారని నాకు ముందే తెలుసు. నీళ్ళ దగ్గర, చర్చి దగ్గర, ప్రతివాళ్ళూ పాపం మలాకి, పాపం మలాకి అంటుంటే విన్నాను. ఈ దీవి మొత్తంలో నువ్వు గెలుస్తావని అనుకున్నది నేనొక్కదాన్నే. అందుకే వెయ్యలేదు. నీమియాకి ఒక్కటే వేసి, రెండోది ఖాళీగా వదిలేశాను."

"మనసులో ఏమీ లేదని ఆ రోజు చావడిలో..."

"ఎవరన్నారు? మా పెదనాన్న అన్నాడు. ఆయన కూతురా పోయింది? నాకు మనసులో ఏముందో నన్నెవరైనా అడిగారా? పెద్దలు తేల్చారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు, పంది మాంసం పంచుకుని ఇళ్ళకి పోయారు. నా భాగం నాకు పంపించారు. ఆ పెట్టె దగ్గర ఆ కాగితం చేతికిచ్చి, నువ్వు ఏమంటావమ్మా అని నన్ను అడిగింది అదే మొదటిసారి. నేను చెప్పాను."

మలాకికి కోపం రాలేదు. విచిత్రంగా, పొద్దుటి నుంచీ అతనితో నిజం మాట్లాడిన మనిషి ఈమె ఒక్కతే అనిపించింది. దీవిలో ఇంతమంది ప్రేమగా పెట్టిన దానికన్నా ఈమె కొట్టిన దెబ్బకే తను మనిషినన్న సంగతి గుర్తుకొచ్చింది. అయినా నొప్పి నొప్పే. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

పెలెనికె కాసేపు మొగలి ఆకుని గోటితో చీల్చుతూ కూర్చుంది. తర్వాత, గొంతు బాగా తగ్గించి అంది. "నేనూ ఒకటి అడుగుతాను. అప్పుడు అడగనివ్వలేదు. ఆ రోజు పడవలో అదేమంది?"

ఆ రోజు పడవలో సిలియా అతని కాళ్ళ దగ్గరే కూర్చుంది. గండి బయట పడవ ఆపి కెరటం కోసం కాచుకుంటుంటే, పిల్ల ఒక్కసారిగా లేచి నిలబడింది. ఒడ్డున తల్లి ఎర్రబట్ట తీసి ఊపుతోంది. "బాబాయ్, అదిగో అమ్మ. అమ్మ నన్ను చూసింది. పోనీ బాబాయ్, పోనీ" అని రెండు చేతులూ ఊపుతూ నవ్వుతూ అరిచింది. ఆ నవ్వు చూసి మలాకి మనసు ఆగలేదు. ఇంకో కెరటం ఆగాల్సింది. ఆగలేదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్ళూ లేరు.

ఇప్పుడు ఆమె అడుగుతోంది. చెబితే తన బరువు సగం దిగుతుంది. దిగిన సగం ఈమె నెత్తిన పడుతుంది. బట్ట ఊపిన చెయ్యిని ఇక జన్మంతా చూసుకుంటూ కూర్చుంటుంది. మలాకి ఆమె చేతుల వైపు చూశాడు.

"ఏమీ అనలేదు వదినా" అన్నాడు. "నిద్రపోతోంది. ఓడలో రాత్రంతా నిద్ర లేదు కదా, నా కాళ్ళ దగ్గర పడుకుని నిద్రపోయింది. దానికేమీ తెలియదు. తొందరపడింది నేనే."

"నిద్రపోతోందా?"

"ఆ."

పెలెనికె ముఖంలో రంగు పోయింది. చేతిలో ఆకు కింద పెట్టింది.

"నేను ఒడ్డున నిలబడి బట్ట ఊపాను" అంది. "అందరికంటే ముందు నిలబడి ఊపాను. పడవలో ఎవరో చిన్నది లేచి చేతులు ఊపినట్టు కనిపించింది. అదే అనుకున్నాను. నన్ను చూసిందనుకున్నాను. ఇన్నేళ్ళూ అదొక్కటే పట్టుకుని బతికాను మలాకీ. పోయేముందు అమ్మని చూసుకుంది, నవ్వుతూ పోయింది అనుకున్నాను." ఒళ్ళోని చాప పక్కకి నెట్టి, "చూడలేదన్నమాట" అంది.

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే మలాకి తట్టుకునేవాడేమో. చేత్తో పెదాలు మూసుకుని ఎండలో పరిచిన ఆకుల వైపు చూస్తూ ఉండిపోయింది. మలాకి గబగబా ముందుకి జరిగి ఆమె పాదాల దగ్గర నేలని రెండు చేతులా పట్టుకున్నాడు.

"చూసింది వదినా. నేను అబద్ధం చెప్పాను. లేచి నిలబడింది, నిన్ను చూసింది, అదిగో అమ్మ అని అరిచింది, నవ్వింది. నిజంగా చూసింది. దేవుడి మీద ఒట్టు."

చావడి వైపు నుంచి ఆటపాటలకి తాళంగా చెక్కపెట్టె వాయించడం మొదలైంది. పాటకి గొంతులు సవరించుకుంటున్నారు. గెలిచినవాణ్ణి తీసుకుపోవడానికి ఫకావువా అత్తా మెలే దండ పట్టుకుని అటే వస్తున్నారు.

పెలెనికె అతని వైపు తిరగలేదు. "లే మలాకీ" అంది. "నువ్వు కూడా జాలిపడకు."